తీతువు గ్రుడ్లు

ఏప్రిల్ నెల చివర బడి తలుపులు మూతపడును. జూన్ రెండవ వారము వరకు అవి మరల తెరచుకొనవు. ఈ ఆరేడు వారములలో తెలుగు దేశమున సమస్తమును ఎండి నిద్రించుచుండునని పలువురి నమ్మకము. చెరువులు అడుగంటును, బీళ్ళు తెల్లబారును, మధ్యాహ్నవేళ వీధిలో కుక్కయైనను కానరాదు. పిల్లలకు ప్రకృతిని గూర్చి నేర్పుటకు ఇంతకంటె పనికిరాని కాలము వేరొకటి లేదని తోచుట సహజమే.

కాని కానుగ చెట్టు తళతళలాడు లేత చిగురు తొడుగుట ఆ ఎండలలోనే. రేల చెట్టు ఆకులు రాల్చి, కొమ్మకొమ్మకు పసుపుపచ్చని పూలగుత్తులు వ్రేలాడదీయుట ఆ కాలముననే. బూరుగు కాయలు పగిలి దూది గాలిలో తేలిపోవుటయు, కోకిల తన గ్రుడ్డును కాకి గూటిలో పెట్టి పోవుటయు వేసవిలోనే. నెలల తరబడి వానచుక్క పడని నేలలో చెట్టు చిగురించుటకు నీరెక్కడిది? దీనికి సమాధానము లోతుగా దిగిన వేళ్ళలో నున్నది. అయితే ఆ ప్రశ్న పుట్టవలెనన్న పిల్లవాడు చెట్టు క్రింద నిలిచి పైకి చూడవలెను. గోడకు తగిలించిన పటమును బెత్తముతో చూపుచు చెప్పిన పాఠమున అది పుట్టదు. పటములోని చెట్టుకు ఋతువులు లేవు.

కడప జిల్లాలో లంకమల కొండలు కనుచూపు మేరలోనున్న ఒక గ్రామమున ఒక అయ్యవారుండిరి. ఆయన ప్రతి వేసవిలోను బడిపిల్లలను కొందరిని వెంటబెట్టుకొని ఊరి వెలుపలకు తీసికొనిపోయెడివారు. దీనికి ఆయనకు జీతము లేదు. పైవారి ఆజ్ఞయు లేదు. సెలవులలో ఇంటిపట్టున నుండక ఎండలో తిరుగు ఈ పిచ్చి ఏమని ఊరిలో కొందరు నవ్వుకొనిరి. పిల్లల తల్లులు మాత్రము నవ్వలేదు. తెల్లవారుజామున పిల్లవాడు తనంత తానే లేచి ముఖము కడుగుకొనుట వారికి క్రొత్త వింత.

నక్షత్రములు కనబడుచుండగనే బయలుదేరవలెను. తలకు తువ్వాలు, చేత సద్దిమూట, సొరబుర్రలో మజ్జిగ లేక నీళ్ళు, చంకలో ఒక పుస్తకము, ఒక పెన్సిలు. తొమ్మిది గంటలలోపల అందరును ఇల్లు చేరవలెను. దేనిని కోయరాదు, దేనిని కొట్టరాదు. ఏదైన క్రొత్త పురుగో మొక్కయో కంటబడినప్పుడు, “ఇదేమిటి అయ్యవారూ?” అని వెంటనే అడుగరాదు. దానిని గూర్చి తాము చూచిన మూడు సంగతులు ముందుగా చెప్పవలెను. అటుపిమ్మటనే పేరు చెప్పబడును. పేరు తెలియగానే పిల్లలు చూచుట మానివేయుదురని ఆయన అనుభవము. పెద్దల విషయమునను ఇది నిజమే.

ఈ పద్ధతి ఆయన కల్పించినది కాదు. దాని వెనుక ఒక చేప కథ కలదు. అమెరికా దేశమున లూయీ అగాసీ అను ప్రకృతి శాస్త్రజ్ఞుడుండెను. ఆయన యొద్ద చదువుకొనుటకు స్కడర్ అను యువకుడు వచ్చెను. అగాసీ ఒక సీసాలోనుండి చేపనొకదానిని తీసి అతని ముందుంచి, చూడుమని చెప్పి వెడలిపోయెను. పది నిమిషములలో చూడవలసినదంతయు చూచితినని యువకుడు తలంచెను. గురువు తిరిగి రాలేదు. గంటలు గడచెను. ఏమియు తోచక అతడు పెన్సిలు తీసి ఆ చేపను గీయసాగెను. అప్పుడు గాని అంతవరకు తాను చూడనివి అతని కంట పడలేదు. మూడు దినములు అతనికి ఆ ఒక్క చేపయే పాఠము. 1873వ సంవత్సరపు వేసవిలో ఆ అగాసీయే మసాచుసెట్స్ తీరమునకు చేరువనున్న పెనికీస్ అను చిన్న దీవిలో ఉపాధ్యాయులకొక వేసవి బడి నెలకొల్పెను. స్త్రీలును పురుషులును అచట చేరి, సముద్రపుటొడ్డున దొరకు జీవములను తమ కన్నులతో పరిశీలించి నేర్చుకొనిరి. ఆ సంవత్సరము డిసెంబరులోనే ఆయన మరణించెను. మరుసటి వేసవితో ఆ దీవిలోని బడియు ముగిసెను. అయినను అచట చదివిన వారిలో పలువురు తమ తమ ఊళ్ళకు పోయి పిల్లలను ఆరుబయటికి నడిపించిరి.

అయ్యవారి యొద్ద సీసాలు లేవు, సముద్రమును లేదు. ఉన్నది ఎండిన చెరువు. అదియే చాలినది.

ఒకనాడు ఆయన చెరువు గర్భమున నెరెలిచ్చిన బంకమట్టిని పలుగుతో పెల్లగించి, నిమ్మకాయంత నత్తను పైకి తీసెను. దాని నోటికి గట్టి మూత బిగిసియుండెను. అది చచ్చినదని కొందరు, ఒట్టి గుల్లయని కొందరు అనిరి. దానిని నీటి ముంతలో వేసి చెట్టునీడలో నుంచిరి. పిల్లలు చుట్టు కూర్చుండి సద్ది తినిరి. తినుట ముగిసినను నత్త కదలలేదు. విసుగెత్తి ఇద్దరు లేచిపోయిరి. మిగిలిన వారి కన్నుల యెదుట ఆ మూత నెమ్మదిగా తెరచుకొని, మెత్తని శరీరము బయటికి వచ్చి, రెండు సన్నని మీసములు నీటిలో తడవుకొనెను. చెరువు ఎండిన నాటినుండి ఆ జీవి మట్టిలో తలుపు బిగించుకొని వానకొరకు కాచుకొనియుండెను. లేచిపోయిన వారిద్దరును ఆ వేసవియంతయు ఆ సంగతికి చింతించిరి.

చింతచెట్టు క్రింద మెత్తని దుమ్ములో గరాటు వలెనున్న చిన్న గుంటలను గూర్చియు ఇట్లే జరిగెను. అందులో చీమ జారిపడగా, అడుగున దాగిన పురుగు ఇసుకను పైకి చిమ్మి దానిని క్రిందికి రాల్చును. వెనుకకే నడచు ఆ బొద్దు పురుగు కొంతకాలమునకు తూనీగను పోలిన రెక్కల పురుగగునని తెలిసినప్పుడు ఒక్కరును నమ్మలేదు. నమ్మకపోవుటయే మేలని అయ్యవారు సంతోషించి, రెండు పురుగులను ఇసుకతో కూడ ఒక కుండలో పెట్టి ఇంటికి తెచ్చిరి.

అసలు కథ మే నెల నడుమ జరిగినది.

ఆనాడు పిల్లలు చెరువులోనికి దిగగనే ఒక తీతువు గట్టిగా అరచుచు తలల మీద తిరుగనారంభించెను. ఒక బాలిక రెండు చెవులను మూసికొనెను. తీతువు కూసిన ఇంట కీడు కలుగునని తెలుగు పల్లెలలో అనాదిగా ఒక భయము కలదు. రాత్రివేళ దాని కూత వినబడినచో ముసలివారు దైవమును తలచుకొందురు. ఆ బాలిక అవ్వ యును అట్టిదే. అయ్యవారు ఆ భయమును ఎగతాళి చేయలేదు. మూఢనమ్మకమని ఉపన్యసింపను లేదు.

“అది ఎవరిని చూచి అరుస్తున్నదో కనుక్కోండి” అని మాత్రము అనిరి.

పిల్లలు ఎడమవైపునకు నడచిరి. కూత తగ్గెను. కుడివైపునకు మరలిరి. కూత హెచ్చెను. ఇంకను కొంచెము ముందుకు పోగా, జంటలోని రెండవ పక్షియు వచ్చి తలలను తాకునంత క్రిందికి దూకెను. దాగుడుమూతలాటవలె ఆ కూతనే గుర్తు చేసికొని అడుగడుగు వెదకుచు పోగా, చెవులు మూసికొన్న బాలికయే ముందుగా కేక వేసెను. ఆమె పాదమునకు మూరెడు దూరమున, ఉత్త నేలమీద, చిన్న రాళ్ళును మేకపెంటికలును చుట్టు పేర్చిన ఒక పల్లములో నాలుగు గ్రుడ్లుండెను. మట్టిరంగు, దానిపై నల్లని మచ్చలు. కన్ను మరల్చి తిరిగి చూచినచో అవి రాళ్ళలో కలిసిపోవును. పుల్ల లేదు, గడ్డి లేదు, చెట్టు లేదు. కూత దేనికో అప్పుడు అందరికిని తెలిసినది. కీడు తెచ్చుటకు కాదు. కీడు వచ్చుచున్నదని తన జంటకు చెప్పుటకు. పంచతంత్రములో సముద్రము మీదికి కాలుదువ్విన టిట్టిభపు జంటయు ఈ జాతిదేనని అయ్యవారు చెప్పగా, బాలికకు దానిపై గౌరవము కలిగెను.

“కూర్చుండి గీయండి. నాలుగు గ్రుడ్ల మచ్చలు ఒక్కరీతిగా ఉన్నవో లేవో చూడండి” అని ఆయన చెప్పిరి.

పండ్రెండుమంది పిల్లలు చుట్టు చేరి గీయసాగిరి. మచ్చలు ఒక్కరీతిగా లేవు. గ్రుడ్ల మొనలన్నియు లోపలివైపునకు తిరిగియుండెను. ఇట్టి సంగతులు ఒక్కొక్కటిగా బయటపడుచుండ ప్రొద్దు తెలియలేదు. పక్షులు అరచి అరచి దూరముగా వ్రాలి మరల లేచుచుండెను. అయ్యవారికి ఆనాటి పాఠము మిక్కిలి తృప్తిగా నుండెను. ఎనిమిది దాటెను. నీడలు కురుచయ్యెను.

అప్పుడు చెరువు కట్టమీదనుండి ఒక కేక వినబడెను. పండ్రెండు, పదుమూడేండ్ల మేకలకాపరి బాలుడొకడు దోటి భుజమున వేసికొని పరుగెత్తి వచ్చుచుండెను.

“లెయ్యండి అయ్యవారూ! పక్కకు పోండి! గుడ్లు ఉడికిపోతాయి!”

పిల్లలకు కోపము వచ్చినది. అయ్యవారితో ఇట్లు మాటలాడు వానిని వారెన్నడును చూడలేదు. ఒకడు లేచి వానిని తోయబోయెను. ఆయన ఆ సంగతి గమనింపలేదు. వంగి, గూటి ప్రక్కనున్న రాతిని వ్రేలితో తాకి, చటుక్కున చేయి తీసికొనిరి. ఆయన ముఖము వెలవెలబోయెను. మరుక్షణమే పిల్లలనందరిని లేపి, పుస్తకములు మూయుటకైనను వ్యవధి నీయక, దూరముననున్న నల్లతుమ్మ చెట్టు క్రిందికి నడిపించిరి.

తీతువు వెంటనే రాలేదు. అది రాని ఆ కొంతసేపును అయ్యవారు మాటలాడలేదు. పొదుగుట యనగా గ్రుడ్లకు వెచ్చదనమిచ్చుట యని ఆయన ఎన్ని యేండ్లుగానో తరగతిలో చెప్పుచుండిరి. చలిదేశములలో వ్రాసిన పుస్తకములలో అంతవరకే యుండును. రోళ్ళు పగులు ఎండలు కాయు నేలపై తల్లిపక్షి గ్రుడ్ల మీద నిలుచుట వెచ్చదనమునకు కాదు, నీడకు; ఈ మాట ఆయనకు ఎవ్వరును చెప్పలేదు. ఆయనయు చూడలేదు. చూచుట నేర్పువారే చూడని సంగతి అది.

“ఇప్పుడు చూడండి. అది నీళ్ళకాడికి పోతాది. కడుపు తడుపుకొని వస్తాది” అని కాపరి బాలుడు మెల్లగా చెప్పెను.

అట్లే జరిగెను. చెరువు నడుమ మిగిలిన కొద్దిపాటి నీటిలోనికి తీతువు దిగి, వంగి, పొట్ట యీకలను నీటిలో అద్దుకొనెను. పిదప పరుగున వచ్చి, రెక్కలు కొంచెము విప్పి, గ్రుడ్లపై నిలిచి కూర్చుండెను. కొంతసేపటికి రెండవ పక్షి నీటికి పోయి వచ్చి, దాని స్థానమును తీసికొనెను. పిల్లలు ఊపిరి బిగపట్టి చూచిరి. ఒక్కడైనను పెన్సిలు తీయలేదు. అయ్యవారే తన పుస్తకము తెరచి వ్రాసికొనిరి.

“నీవు దీనిని ఎప్పుడు చూచితివి నాయనా?” అని ఆయన అడిగిరి.

“మేకలు నీళ్ళు తాగేటప్పుడు నాకేం పని అయ్యవారూ? చూస్తా కూచుంటా.”

వాడు నాలుగవ తరగతితో బడి మానినాడు. మేకలు వానిని మాన్పించినవి. ఇంతకంటె వాని చదువును గూర్చి చెప్పవలసినది లేదు. ఇట్టివారు ఆ ఊరిలో ఇంకను ఉండిరి. వారి పేర్లు హాజరు పట్టీలో కొట్టివేయబడి చాలకాలమాయెను. వేసవి నడకకు బడిపిల్లలను మాత్రమే పిలువవలెనని అయ్యవారు ఎన్నడును నియమము పెట్టలేదు. పెట్టకయే అట్లు జరిగిపోయినది. మరునాటి ఉదయము పిల్లలు తుమ్మచెట్టు వద్దకు వచ్చునప్పటికి ఆ కాపరి బాలుడు మేకలతో అచటనే యుండెను. అయ్యవారు వానిని ముందు నడువుమనిరి. ముందురోజు వానిని తోయబోయినవాడు కొంతసేపు ముఖము మాడ్చుకొనెను; తరువాత మేకపిల్ల నొకదానిని ఎత్తుకొని నడచెను.

ఆనాడు నీడలో సద్ది తినుచుండ, ఆయన వారికి కలివికోడి కథ చెప్పిరి. లంకమల కొండల ప్రక్కన ఉన్నవారికి అది ఇంటికథ వంటిది. కలివి పొదలలో పగలు దాగి, రాత్రి నేలమీద పరుగెత్తు చిన్న పక్షి అది. పందొమ్మిదవ శతాబ్దిలో జెర్డన్ అను ఆంగ్ల వైద్యుడు దానిని గుర్తించెను. శాస్త్రజ్ఞులు ఆయన పేరే దానికి పెట్టిరి. 1900 తరువాత వారిలో ఎవ్వరికిని అది కానరాలేదు. అంతరించి యుండునని పుస్తకములలో వ్రాసికొనిరి. సలీం అలీ వంటి పక్షిశాస్త్రజ్ఞుడు దానిని వెదకింపని చోటు లేదు. తుదకు 1986వ సంవత్సరము జనవరిలో, కడప జిల్లాలో రెడ్డిపల్లె సమీపమున, పక్షులు పట్టు వృత్తిగల ఒక పల్లెవాసి రాత్రివేళ దీపపు వెలుగున దానిని చూచి పట్టుకొనెను. ఎనుబదియేండ్లకు పైగా లోకమునకు పోయిన పక్షి, పల్లెవారి నోట తన తెలుగు పేరుతో బ్రతికియే యున్నది. వారిని పోయి అడుగుటకే అంతకాలము పట్టినది. తరువాత ఆ కొండలలో దానికొరకు అభయారణ్యము నేర్పరచిరి.

కథ ముగియగా పిల్లలు సంతోషముతో కేకలు వేసిరి. కాపరి బాలుడు మాత్రము ఒక ప్రశ్న అడిగెను.

“ఆ పట్టుకున్న పిట్ట బతికిందా అయ్యవారూ?”

ఆయన కొంచెము ఆగి, “బ్రతుకలేదు” అనిరి.

ఆ ఉదయము మరి ఎవ్వరును గట్టిగా మాటలాడలేదు.

నాటినుండి తుమ్మచెట్టు దాటి ఒక్క అడుగు ముందుకు వేయరాదని పిల్లలే నిర్ణయించుకొనిరి. ప్రతిదినమును అచటినుండియే చూచిరి. ఏ గంటకు ఏ పక్షి లేచినది, ఎంతసేపటికి మరలి వచ్చినది, ఎన్నిమారులు నీటికి పోయినది, అన్నియు వ్రాసిరి. గడియారము లేనందున తుమ్మచెట్టు నీడ మీద రాళ్ళు పెట్టి కాలము లెక్కించిరి. కాకి వచ్చిన దినమున రెండు తీతువులును కలిసి దానిని ఊరి పొలిమేర వరకు తరిమిన వైనము పదిమంది పదివిధములుగా వ్రాసిరి. గ్రుడ్లు ఎన్ని దినములకు పగులునని పిల్లలు అడుగగా, సుమారు నెలదినములని అయ్యవారు చెప్పిరి. అయితే అవి ఎన్నడు పెట్టబడెనో తెలియదు కనుక లెక్క కుదరలేదు. మరియొక లెక్కయు ఆయన మనస్సులో నుండెను. ఆ మొదటి ఉదయమున గ్రుడ్లు ఎండలో ఎంతసేపున్నవి? దానిని ఆయన ఎవ్వరికిని చెప్పలేదు గాని, పుస్తకములో ఆనాటి పుటను తరచు త్రిప్పి చూచుట పిల్లలు గమనించిరి.

రోహిణి కార్తె వచ్చినది. నీరు ఇంకను కుంచించుకొనిపోయి, పక్షులు మరింత దూరము నడువవలసి వచ్చినది.

బడి తెరచుటకు రెండు దినములున్నదనగా, తెల్లవారి వచ్చి చూడ, గూటిపై పక్షి లేదు. ఎంతసేపు కాచినను రాలేదు. అయ్యవారు ఒక్కరే మెల్లగా పోయి చూచి వచ్చిరి. పల్లములో ఏమియు లేదు. పెంకు ముక్క కూడ లేదు. ముంగిస తినియుండునని ఒకడనెను. పాము మ్రింగినదని మరియొకడు. చెవులు మూసికొనిన ఆ బాలిక కన్నీరు పెట్టుకొనెను. అయ్యవారు ఏ సమాధానమును చెప్పలేకపోయిరి.

“కదలకుండా నిలబడండి” అని కాపరి బాలుడనెను.

నిలిచిరి. చాలసేపటికి నీటియొడ్డున తీతువు ఒకటి కనబడెను. అది తలయెత్తి అటునిటు చూచి, ముందెన్నడును వినని మెల్లని ధ్వని చేసెను. దాని కాళ్ళ దగ్గర ఒక రాయి లేచి నడచెను. మరి కొంచెము దూరమున ఇంకొకటి. సన్నని పొడవైన కాళ్ళు, మట్టిరంగు నూగు. తల్లి కూత మారగనే చతికిలబడి మరల రాళ్ళగుచున్నవి. పిల్లలు వ్రేళ్ళతో గాక కనుసైగలతోనే ఒకరికొకరు చూపుకొనిరి. ఒకటి, రెండు, తుంగ మొలకల చాటున మూడవది.

నాలుగవ దానికొరకు వెదకిరి. రెండవ పక్షి ఉన్నవైపున చూచిరి; లేదు. నెరెల అంచుల వెంట చూచిరి. కాపరి బాలుడు కట్టపైకెక్కి చూచెను. వాడు వచ్చి ఏమియు చెప్పక అయ్యవారి ప్రక్కన నిలిచెను. ఆయన కూడ అడుగలేదు.

తుమ్మనీడ మొదటి రాతిని దాటెను. పక్షులు పిల్లలను నీటివైపునకు తీసికొనిపోవలసిన వేళయైనది. అయ్యవారు పుస్తకము మూసి లేచిరి. పిల్లలు వెనుదిరిగి చూచుచునే, చప్పుడు కాకుండ, కట్ట మీదుగా ఊరిదారి పట్టిరి.